ఆకాశమున తిరుగునది ఎవరిది?



విజయవాడ పట్టణమున గుణదలయందు ఏలూరు కాలువ చెంత పడవలరేవు అను చోటు కలదు. ఇప్పుడచ్చట పడవలును లేవు, రేవును లేదు. పేరు మాత్రము మిగిలియున్నది. ఒకప్పుడు ధాన్యమును, కలపయు, మనుష్యులును ఆ నీటిపై ప్రయాణము చేసిరని ఆ పేరే చెప్పుచున్నది. ఆ కాలమున పడవ కనబడినచో దానిని నడుపు సరంగును కనబడెడివాడు. "పడవ ఎవరిది? సరకేమి? ఏ ఊరికి?" అని గట్టుమీదినుండి కేకవేసి అడుగవచ్చును. జవాబు వచ్చెడిది.

ఇటీవల ఆ ప్రాంతమున నాతో మాటలాడుచున్న ఒక వృద్ధ రైతు తల పైకెత్తి చూచి, "అయ్యా, అది ఎవరిది?" అని అడిగెను. తుమ్మెదవలె రొద చేయుచు చిన్న యంత్రమొకటి మా తలలపైగా పోవుచుండెను. నేను నలుదిక్కులు చూచితిని. దానిని నడుపువాడెవడును కంటబడలేదు. ఆ పెద్దమనిషికి నేను జవాబు చెప్పలేకపోతిని. ఆయన వేసిన ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు విషయము.

ఆ యంత్రమును డ్రోను అందురు. డ్రోను అనగా మనిషి ఎక్కని విమానము. ఇంగ్లీషున ఆ మాటకు మగ తేనెటీగ యని అర్థము. మన పల్లెలలో కనబడు డ్రోనులకు నాలుగో ఆరో రెక్కల చక్రములుండును. వానిని విద్యుత్తు బ్యాటరీ త్రిప్పును. తానెచ్చట నున్నదో అంతరిక్షమున తిరుగు ఉపగ్రహముల సంకేతముల వలన అది తెలిసికొనును. నడుపువాడు నేలమీద నిలిచి చేతిలోని పెట్టెతో ఆజ్ఞలిచ్చును. 250 గ్రాములకు మించని బొమ్మవంటి దానినుండి 150 కిలోలకు మించిన దానివరకు మన ప్రభుత్వము వీనిని ఐదు తరగతులుగా విభజించినది.

మనిషి లేని వాహనమును గాలిలోనికి పంపుట నేటి ఊహ కాదు. 1849లో ఆస్ట్రియా సైనికులు వెనీసు నగరముపైకి బాంబులు కట్టిన బెలూనులను వదలిరి. గాలి తిరుగగా వానిలో కొన్ని వదలినవారి వైపునకే పోయినవట. ఆ కథలోని నీతిని మనము మరువరాదు. యంత్రమునకు తనవారు, పైవారు అను భేదము తెలియదు. మేలైనను కీడైనను పంపినవానిదే, నడిపినవానిదే. అందుచేత డ్రోను మంచిదా, చెడ్డదా అని వాదించుటకంటె, అది ఎవరిది అని అడుగుటయే మేలు. మన సీమలోనే జరిగిన సంగతులతో దీనిని విచారింతము.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల కుంభవృష్టికి బుడమేరు పొంగినది. మళ్ళింపు కాలువకు గండ్లు పడినవి. సింగునగరు, రాజరాజేశ్వరిపేట, పాయకాపురము మున్నగు పేటలు నీట మునిగినవి. సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశము బరాజు వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహము నమోదైనది. రెండున్నర లక్షలకు పైగా పట్టణ ప్రజలు వరద పాలైరి. మేడలపై చిక్కుకొన్నవారికి అన్నపు పొట్లములను, త్రాగునీటిని, మందులను డ్రోనులతో పంపిరి. పడవ పోలేని ఇరుకు సందులోని మేడమీదికి పొట్లము దిగినప్పుడు, ఆ యింటివారికి అది ఆకాశమునుండి దిగిన అన్నపూర్ణయే.

అయినను లెక్క చూడుడు. ఒక డ్రోను పది కిలోలు మోయుననుకొందము. అరకిలో పొట్లములు ఇరువది పట్టును. వేయిమందికి ఒక్కపూట అన్నము పెట్టవలెనన్న ఏబది మారులు తిరుగవలెను. కావున వరదలో పడవలును, ట్రాక్టరులును, నడుములోతు నీటిలో నడచిన మనుష్యులును లేకున్న పని జరుగదు. డ్రోను అక్కరకు వచ్చు చుట్టమే గాని ఇంటి యజమానుడు కాదు. ఆ వరద పోయి రెండు నెలలైనను కాకముందే, అక్టోబరు 22వ తేదీన, విజయవాడలో పున్నమిఘాటు వద్ద కృష్ణపై 5,500 డ్రోనులు దీపములతో ఎగిరి బొమ్మలు కట్టి, ఐదు గిన్నిసు రికార్డులను సాధించినవి. నిన్న అన్నము మోసిన జాతియే నేడు వినోదము చూపినది. పంపినవాని సంకల్పమే దాని గుణము.

ఇక పొలమునకు వత్తము. వరిమడిపై పురుగుమందు చల్లు డ్రోనులు మన డెల్టాలో వచ్చినవి. చేతి పంపుతో ఎకరమునకు నూరు లీటర్లకు పైగా నీరు పట్టు చోట, డ్రోనుకు పది లీటర్ల ప్రాంతము చాలును. పని నిమిషములలో ముగియును. కూలివాడు విషపు తుంపరలలో నడువవలసిన పని లేదు. 2023 నవంబరు 30వ తేదీన ప్రారంభమైన నమో డ్రోను దీదీ పథకమున దేశమందలి 15,000 మహిళా సంఘములకు, ఖరీదులో నూటికి ఎనుబది వంతులు, 8 లక్షల రూపాయలకు మించకుండ, సాయముగా ఇచ్చుటకు కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. గుంటూరు చెంత లాములోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము కూడ ఈ విద్యయందు కృషి చేయుచున్నది.

ఇది మేలే. కాని, నీరు తగ్గినకొలది మందు చిక్కనగును. తుంపర సన్నమగును. గాలి వీచినచో అది గట్టు దాటును. కైకలూరు వైపున, కొల్లేటి అంచులలో, వరిమడి ప్రక్కనే చేపల చెరువో రొయ్యల చెరువో ఉండుట మీరెరుగుదురు. మడికి మందైనది చెరువునకు విషమగును. లక్షలు పెట్టి పెంచిన రొయ్య ఒక్క ఉదయమున తేలిపోయినచో ఎవరిని అడుగవలెను? మడి యజమాని, "నేను కూలి ఇచ్చితిని, చల్లినది డ్రోనువాడు" అనును. డ్రోనువాడు, "చల్లుమన్నది రైతు, వీచినది గాలి" అనును. గాలిపై దావా వేయుటెట్లు? ఈ చిక్కును ఊహించియే 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయశాఖ డ్రోనులతో మందు చల్లుటకు పద్ధతులను ప్రకటించినది. ఆమోదింపబడిన మందులనే వాడవలెను. సంబంధము లేని మనుష్యులను, పశువులను ఆ చోటికి రానీయరాదు. ఈ పద్ధతులు కాగితముపై నిలుచుటయో, గట్టుపై నిలుచుటయో మీ వంటి పెద్దల చేతిలో నున్నది. కూలి పోగొట్టుకొన్న పిచికారీ పనివాని మాటయు మరువరాదు. ఆ యంత్రమును నడుపు విద్యను ముందుగా అతని బిడ్డకే నేర్పింప యత్నించుట ధర్మము.

భూమి కొలత మరియొక సంగతి. శతాబ్దము క్రిందటి గొలుసు కొలతలకు మారుగా, డ్రోను చిత్రములతోను ఉపగ్రహ సంకేతములతోను మన రాష్ట్రమందలి భూములను మరల కొలుచు పని 2020 డిసెంబరు 21వ తేదీన జగ్గయ్యపేట మండలములోని తక్కెళ్ళపాడున ప్రారంభమైనది. పైనుండి తీసిన చిత్రమునకు పక్షపాతము లేదు, లంచము లేదు. కాని దానికి జ్ఞాపకమును లేదు. చిత్రమున గట్టు కనబడును గాని, ఆ గట్టు ఎవరిదో కనబడదు. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకొన్న చెక్క దానికి తెలియదు. విస్తీర్ణము తగ్గినదనియు, పలువురి భూమి ఒకే ఖండముగా చూపబడినదనియు రైతులు మొరపెట్టిరి. 2024 డిసెంబరులో ఊరూర జరిగిన రెవెన్యూ సదస్సులలో అట్టి అర్జీలను స్వీకరించిరి. కావున కొలతకు వచ్చిననాడు రైతు గట్టుమీద నిలువవలెను. ఎరిగిన పెద్ద ప్రక్కన నిలువవలెను. ఆకాశపు కన్నునకు నేలమీది సాక్ష్యము తోడు కావలెను.

"మా పెరటిలోనికి చూచుచున్నదే, ఇది న్యాయమా?" అని స్త్రీలు అడుగుచున్నారు. అడుగదగిన ప్రశ్నయే. దసరాలలో ఇంద్రకీలాద్రి క్రింది జనసమూహమును పోలీసువారు డ్రోనులతో కనిపెట్టుట రక్షణకొరకు. ఒకరి స్నానపు దడిలోనికి మరియొకడు తొంగిచూచుట దౌష్ట్యము. స్వంత బ్రతుకు గుట్టు పౌరుని ప్రాథమిక హక్కులలోనిదని 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీము కోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. గోడ పైనుండి చూచినను, మేఘము క్రిందనుండి చూచినను ఆ హక్కు ఒక్కటే.

ఎగురుటకును హద్దులున్నవి. 2021 ఆగస్టు 25వ తేదీన ప్రకటింపబడిన డ్రోను నిబంధనల ప్రకారము డ్రోనును రిజిస్టరు చేయించి దానికొక ప్రత్యేక సంఖ్యను పొందవలెను. విమానాశ్రయపు సరిహద్దునుండి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేనిదే ఎగురరాదు. గన్నవరపు విమానాశ్రయమును ఆనుకొనియున్న కేసరపల్లి వంటి గ్రామములవారు దీనిని గుర్తుంచుకొనవలెను. 8 మొదలు 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకును, ఆ పైదూరమున నిషేధము లేని చోట్ల 400 అడుగుల వరకును అనుమతి అక్కరలేదు. హద్దు మీరినదని తోచినచో రాళ్ళు రువ్వకుడు. అది ఎవరి తలపైననైన కూలవచ్చును. పోలీసు ఠాణాకు తెలియజేయుడు.

చివరకు యుద్ధము మాట. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసిరి. ఆ విమానములలో మనుష్యులుండిరి. తామును చావవచ్చునను భయము వారికిని ఉండెను. 2021 జూన్ 27వ తేదీన జమ్మూ వైమానిక స్థావరముపై ప్రేలుడు పదార్థములను పడవేసిన డ్రోనులలో మనిషి లేడు. 2025 మే 8వ తేదీ రాత్రి పాకిస్తాను మన దేశపు పడమటి సరిహద్దు పొడవున 36 చోట్ల 300 నుండి 400 వరకు డ్రోనులను పంపినదని మన ప్రభుత్వము తెలిపినది. మన తెలుగువారి హైదరాబాదునందే సైనిక డ్రోనులను తయారుచేయు కర్మాగారము 2018 డిసెంబరున వెలసినది. అచ్చటి దృష్టి అను డ్రోనును 2024 జనవరిలో మన నౌకాదళమునకు ఒప్పగించిరి. దేశరక్షణకు ఇవి కావలెననుటలో సందేహము లేదు.

అయినను పంపువాని ప్రాణమునకు అపాయము లేనప్పుడు చంపుట సులువగునేమో యను శంక లోకమును బాధించుచున్నది. అంతకు మించిన శంక మరియొకటి కలదు: ఎవరిని చంపవలెనో యంత్రమే నిర్ణయించు దినము వచ్చినచో పాపమెవరిది? 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మహాసభయందు ఇట్టి ఆయుధములను గూర్చిన తీర్మానమునకు 152 దేశములు అనుకూలించినవి. ఈ చర్చకు తగిన వేదిక జెనీవాలో వేరుగ నున్నదను పక్షము వహించి మన దేశము ప్రతికూలముగా ఓటు వేసినది. వేదిక ఏదైనను ప్రశ్న మాత్రము ఒక్కటియే. మీసములు నెరసిన మన రైతు అడిగిన ప్రశ్నయే అది: "అది ఎవరిది?"

గ్రామపెద్దలారా, మీతో ఒక్క విన్నపము చేసి ముగించెదను. పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకముంచుడు. ఊరిపై డ్రోను ఎగురవేయ వచ్చినవాని పేరును, యంత్రపు సంఖ్యను, ఏ పనికి, ఏ చేనుపై, ఏ దినమున అనునదియు, నష్టము కలిగినచో ఇచ్చుకొనువాడెవడో అనునదియు అందు వ్రాయించుడు. మందు చల్లుటకైనచో ముందునాడే చెరువులవారికి కబురంపుడు. ఇది చట్టపు ఆజ్ఞ యని చెప్పుట లేదు. ఊరి మర్యాద యని చెప్పుచున్నాను. మంచిపనికి వచ్చినవాడు పేరు వ్రాయుటకు వెనుదీయడు. వెనుదీసినవానిని గూర్చి మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

పడవలరేవున పడవలు పోయినవి. కాని గట్టుమీదినుండి అడుగు హక్కు పోలేదు. మనిషి ఎక్కని విమానమునకును జవాబు చెప్పు మనిషి ఒకడు నేలమీద నుండవలెను. ఆ మనిషి కనబడువరకు అడుగుచునే యుండుడు.

సెలవు.