పలనాటి వర్తకము – పరదేశ వ్యవహారము
(నరసరావుపేట వాణిజ్య న్యాయ సదస్సులో అధ్యక్షోపన్యాసము)



పలనాటి వీరుల కథను పసితనమునుండి వినుచున్న మనము కోడిపందెమును గూర్చి చెప్పికొన్నంతగా, ఆ పందెమునకు మూలమైన ఒడంబడికను గూర్చి చెప్పికొనలేదు. ఓడినవారు ఏడేండ్లు నాడు విడిచి పోవలెననియు, గడువు తీరిన పిమ్మట వారి రాజ్యభాగము వారికి చెందవలెననియు ఇరువాగులవారును సమ్మతించిరి. గడువు తీరినది, ఓడినవారి పక్షమున భాగమడుగబోయిన అలరాజు తిరిగి రాలేదు. ఉభయుల వాదమును విని తీర్పు చెప్పి, ఆ తీర్పును చెల్లింపజేయగల మూడవవాడొకడు లేకపోవుటచేతనే కార్యమపూడి కదనరంగమైనదని, న్యాయవాదవృత్తిలో తల నెరసిన నా నిశ్చితాభిప్రాయము. నన్ను అధ్యక్షుని చేసిన మీకు కృతజ్ఞతలు తెలుపుచు, ఆ మూడవవానిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను.

పరదేశ వర్తకునకు అభయమిచ్చుట మనకు క్రొత్త కాదు. ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకును పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండగా, కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున శాసనము వేయించి, నియతమైన సుంకము తప్ప తక్కినదంతయు వర్తకులకే విడిచితినని ప్రకటించెను. ఆ సుంకము ముప్పదింట ఒక పాలు. ఇట్టి అభయము నిలుకడగా నున్నంతవరకే దానికి విలువ. మన కాలముననే, విశాఖ మన్యపు బాక్సైటును నమ్మి పెట్టుబడి పెట్టిన రాస్ అల్ ఖైమా ప్రభుత్వసంస్థ, ఖనిజ సరఫరా ఒప్పందము రద్దుకాగా, భారతప్రభుత్వముపై అంతర్జాతీయ మధ్యవర్తుల నాశ్రయించినది. పెట్టుబడి ఒప్పందములకై 2015లో మన ప్రభుత్వ మామోదించిన నమూనా ననుసరించి, విదేశీయుడు ముందుగా మన న్యాయస్థానములలో అయిదేండ్లు ప్రయత్నించిన గాని ఆ మార్గము తెరవబడదు. కావున అతని నమ్మకము మన కోర్టుల వడిమీదనే ఆధారపడియున్నది.

అయినను విదేశీయుని వెంట న్యాయవాదు లుందురు. నా దిగులు మనవానిని గూర్చి. తొడిమ తీసిన తేజ మిర్చిని టిక్కీల కెత్తించి, కోల్డు స్టోరేజీనుండి చెన్నపట్టణపు రేవుమీదుగా చైనాకు పంపు చిన్న ఎగుమతిదారుని ఒప్పందపత్రము నొకదానిని మనయెదుట పెట్టుకొందము. ధర, తేమ శాతము, తాలుకాయ శాతము, కంటెయినరు బయలుదేరవలసిన తేదీ – వీనిని అతడు వేలు పెట్టి చదువును, బేరమాడును, దిద్దించును. చిట్టచివర సన్నని అక్షరములలో, తగవు వచ్చినచో ఏ దేశపు చట్టము, ఏ ఊరి మధ్యవర్తులు అని యున్న రెండు వాక్యములను చూడక సంతకము చేయును. సరకు రేవు చేరిన పిమ్మట రంగు తగ్గినదని కొనుగోలుదారుడు ధరలో కోత కోరిననాడు, ఆ రెండు వాక్యములే అతని సర్వస్వమును నిర్ణయించును. అంతర్జాతీయ సరకుల విక్రయమును గూర్చిన 1980 నాటి వియన్నా ఒడంబడికకు చైనా 1988 నుండి కట్టుబడియున్నది, భారతదేశము చేరలేదు. కాబట్టి వర్తించు చట్టమును పేర్కొనని పత్రములో, సరకు మంచిదా చెడ్డదా అను ప్రశ్నకు ముందు, ఏ చట్టమను ప్రశ్నయే సంవత్సరములు మ్రింగును. ఇక్కడి కోర్టు డిక్రీని చైనాలో అమలుపరచుకొనుట దుర్ఘటము. మధ్యవర్తి తీర్పునకైన, ఉభయదేశములును 1958 నాటి న్యూయార్కు ఒడంబడికలో చేరియుండుటచేత, దారి కలదు. సింగపూరు వంటి తటస్థస్థలమున మధ్యవర్తిత్వమని ఒక్క వాక్యము వ్రాయించుకొనుటకు కానీ ఖర్చులేదు. లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉన్నదికదా యని ధైర్యపడువారును కలరు. బ్యాంకు సరకును చూడదు, కాగితములను చూచును, ఒక తేదీ తప్పినను చెల్లింపు నిలుపును. ఇక సరకు గుణము మాటకు వచ్చిన, మిరపలో సూడాన్-1 అను నిషిద్ధవర్ణము బయటపడగా, పరీక్షాపత్రము లేని సరకును రానీయమని 2003లో ఐరోపా సమాఖ్య శాసించినప్పుడు, కల్తీ యెరుగని వర్తకులును ఆ కట్టుబాటునకు లోబడవలసివచ్చినది.

ఇంటనున్న ప్రమాదమును తక్కువది కాదు. 1936లో స్థాపితమైన ఆంధ్రా సిమెంట్సు, దాచేపల్లి కర్మాగారముతో సహా, 2022 ఏప్రిలులో అమరావతి కంపెనీ లా ట్రిబ్యునలునందు దివాలా ప్రక్రియకు లోనై, 2023 ఫిబ్రవరిలో సాగర్ సిమెంట్సువారి ప్రణాళిక ఆమోదము పొందుటతో చేతులు మారినది. కర్మాగారము బ్రతుకుట ఈ సీమకు మేలే. దివాలా చట్టమును నేను నిందింపను. కాని ఆమోదిత ప్రణాళికలో చేరని బాకీలు నశించునని సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పియున్నది. ఇట్టి ప్రక్రియ మొదలైన ప్రతిచోటను, లారీ అద్దెలు రావలసినవాడును, సంచులమ్మినవాడును, పత్రికాప్రకటన చూచి గడువులోపల తన క్లెయిము దాఖలు చేయనిచో, ఖాతాపుస్తకమెంత శుద్ధముగా నున్నను ప్రయోజనము సున్న. చిన్న పరిశ్రమలకు నలువదియైదు దినములలో బాకీ చెల్లింపవలెనని 2006 నాటి చట్టము చెప్పుచున్నను, ఉద్యమ్ నమోదు లేని సరఫరాదారునకు ఆ రక్షణ నిశ్చయముగా లభించునని చెప్పజాలము.

ఈ చట్టము లన్నియు ఆంగ్లమున నున్నవి. వానికి లోబడి నష్టపడువారు తెలుగువారు. నరసరావుపేట, గురజాల, మాచర్ల న్యాయవాదసంఘముల మిత్రులకు నా ప్రార్థన యొక్కటే: మిరప ఎగుమతికొక నమూనా ఒప్పందమును, దివాలా క్లెయిమునకొక నమూనా దరఖాస్తును తెలుగున సవివరముగా వ్రాసి, రైతు ఉత్పత్తిదారుల సంఘములకును, కమీషను కొట్లకును, రాబోవు కోతలకు ముందుగనే ఉచితముగా అందజేయుడు. ముసాయిదా వ్రాయు పనిలో నా వంతు నేను సిద్ధము.