ఆ వీధి ఏదో చెప్పగలిగినవాళ్లు



ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు మా చేతికి పాత ఫొటో ఇచ్చినప్పుడల్లా మొదట ఒకే ప్రశ్న వేసేవారు: తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు? బొమ్మలో ఎవరున్నారన్నది ఆ తర్వాతి సంగతి. నూరేళ్ల కిందటి ఊళ్లు, వాటి వీధులు, వాటిలో నడిచిపోయే మామూలు మనుషులు కనిపించే పాత ఫిల్ములను ఇవాళ ఆ ప్రశ్నతోనే చూడాలని నా ప్రయత్నం.

లూమియేర్ సోదరులు పారిస్‌లో టిక్కెట్టు పెట్టి సినిమా చూపించింది 1895 డిసెంబర్ 28న. ఏడు నెలలైనా తిరగకుండా, 1896 జూలై 7న, బొంబాయి వాట్సన్ హోటల్లో ఆ బొమ్మలు ఆడాయి. మరో మూడేళ్లకు, 1899లో, మన దేశంలో తీసిన ఒక చిన్న ఫిల్ము లండన్ నుంచి విడుదలైంది. పడవ మీద కెమెరా పెట్టి నది ఒడ్డు పొడుగునా తీశారు. మెట్లు, గుడులు, గొడుగులు, స్నానాలు చేసే జనం కనిపిస్తారు. గంగ మీది నుంచి కనిపించే కలకత్తా దృశ్యం అని దానికి పేరు పెట్టారు. ఆ ఒడ్డు కలకత్తాది కాదు, కాశీది. కాశీకి ఒక్కసారి వెళ్లివచ్చిన మన ఇళ్లలోని ఏ పెద్దావిడను కూర్చోబెట్టి చూపించినా ఆ ఘాట్లను గుర్తుపట్టి చెప్పేసేది. కానీ ఆ ఫిల్ము ఆవిడ ముందుకు రాలేదు. ఇప్పటికీ అది ఆ తప్పు పేరుతోనే జాబితాల్లో ఉంది, పక్కన సవరణ రాసుకోవలసి వస్తోంది.

నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఈ ఉదాహరణలోనే ఉంది. ఫిల్ముకు తాను ఏ వీధో తెలియదు. ఆ వీధిని ఎరిగినవాళ్లు చెబితేనే అది చరిత్రకు పనికొస్తుంది. వాళ్లు వెళ్లిపోయాక ఎంత శుభ్రంగా కడిగి, ఎంత పెద్ద తెర మీద వేసినా అది పేరులేని జనం కదలాడే బొమ్మే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్కెట్ స్ట్రీట్ పొడుగునా కేబుల్ కారు ముందు భాగాన కెమెరా బిగించి మైల్స్ సోదరులు తీసిన ఫిల్ము మీలో చాలామంది చూసే ఉంటారు. గుర్రబ్బళ్లు, మోటార్లు, సైకిళ్లు, ట్రాములు, వాటన్నిటి మధ్య నుంచి అడ్డంగా దాటిపోయే మనుషులు. అది 1905లో తీసిందని చాలాకాలం అనుకున్నారు. డేవిడ్ కీన్ అనే పరిశోధకుడు ఒక కారు నంబరు పలకను పాత రిజిస్ట్రేషన్లతో పోల్చాడు. రోడ్డు మీది నీటి మడుగులు చూసి ఆ రోజుల్లో వాన ఎప్పుడు పడిందో పత్రికల్లో వెతికాడు. చివరికి అది 1906 ఏప్రిల్‌లో, ఏప్రిల్ 18 నాటి భూకంపానికి కొద్ది రోజుల ముందు తీసిందని తేల్చాడు. అంటే ఆ తెర మీద కనిపించే భవనాల్లో చాలా వాటికి ఆయుష్షు ఇక రోజుల్లోనే ఉంది. తేదీ తెలిశాక ఆ ఫిల్మును మునుపటిలా చూడలేం. అదే ఫిల్ములో ఇంకొకటి కూడా గమనించారు: కొన్ని కార్లు మళ్లీ మళ్లీ తిరిగి కెమెరా ముందుకు వస్తాయి. వీధి నిండుగా కనిపించాలని ఎవరో తిప్పించారన్నమాట. లూమియేర్ల ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే కార్మికుల బొమ్మను కూడా ఒకటికి మూడుసార్లు తీశారు. కాబట్టి వీధి ఫిల్ము అనగానే ఉన్నదున్నట్టు అని నమ్మెయ్యకూడదు. మాస్టారి ప్రశ్న ఇక్కడే అక్కరకొస్తుంది.

అయినా ఫొటో చెప్పలేనిది ఫిల్ము చెబుతుంది: నడక. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలు మనకు గొప్ప ఆస్తి. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఆయన గాజు నెగటివులు 2,857 ఉన్నాయి. చార్మినార్ ముందు ఏనుగులు, ఫలక్‌నుమా గదులు, సిపాయిల వరసలు ఎంత నిశితంగా ఉంటాయో మీకు తెలుసు. కానీ ఎవరికి ఎవరు తప్పుకున్నారో ఫొటోలో తెలియదు. మోటారు వస్తుంటే ఎవరు పక్కకు జరిగారు, ఎవరు తలవంచుకుని గోడకు ఆనుకున్నారు, ఎవరు తమ దారిన తాము నడిచారు? జాగీర్లు, వెట్టి ఉన్న నిజాం రాజ్యంలో ఇది చిన్న విషయం కాదు. రెండు క్షణాల కదలికలో ఒక సమాజపు పెద్దా చిన్నా మొత్తం బయటపడుతుంది. 1911లో స్వీడన్ కంపెనీ ఒకటి న్యూయార్క్ వీధులను తీసింది. అందులో పాదచారులు రోడ్డు మధ్యలో నిలబడి మాట్లాడుకుంటారు. బండివాడే చుట్టూ తిరిగి పోతాడు. రోడ్డు నడిచేవాళ్లది. మన హైదరాబాదు తార్నాక చౌరస్తాలో ఇవాళ ఒక ముసలాయన రోడ్డు దాటడానికి ఎంతసేపు నిలబడతాడో చూస్తే, ఈ నూరేళ్లలో ఆ హక్కు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో వేరే పుస్తకం చదవక్కర్లేకుండానే తెలుస్తుంది.

హైదరాబాదు సంగతికి వద్దాం. తొలినాళ్లలో మన వైపు వచ్చిన కెమెరా రాజుల వెంట వచ్చింది. 1911 ఆగస్టులో గద్దెనెక్కిన నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ డిసెంబరులోనే ఢిల్లీ దర్బారుకు వెళ్లారు. ఆ దర్బారును చార్లెస్ అర్బన్ బృందం రంగుల్లో తీసింది. 1922 జనవరిలో వేల్స్ యువరాజు హైదరాబాదు వచ్చాడు. ఇలాంటి సందర్భాల్లో కెమెరా కన్ను ఏనుగు అంబారీ మీద, మోటారు మీద, సలాము చేసే పటాలం మీద ఉంటుంది. వీధి కనిపించేది బొమ్మ అంచుల్లోనే. తోలుతిత్తిలో నీళ్లు మోసే భిస్తీ, తెర కట్టిన టాంగాలో పోయే ఆడవాళ్లు, నెత్తిన గంపతో పొలిమేర ఊళ్ల నుంచి వచ్చిన మనిషి, కెమెరాను చూసి నోరు తెరుచుకుని దాని వెంటే పరుగెత్తే పిల్లవాడు, వీళ్లెవరినీ ఎవరూ రమ్మనలేదు. రమ్మనకుండా వచ్చారు కాబట్టే వాళ్ల సాక్ష్యం విలువైనది. దర్బారు ఫిల్మును నేను విద్యార్థులకు చూపేటప్పుడు మధ్య భాగాన్ని చేత్తో మూసి అంచులు చూడమంటాను.

ఇక్కడే ఉండి సినిమా తీసినవాడూ ఒకడున్నాడు. కలకత్తా నుంచి వచ్చి ఇక్కడ చిత్రకళ బోధించిన ధీరేన్ గంగూలీ నిజాం ఆదరణతో 1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. 1924లో రజియా బేగం సినిమా ప్రదర్శించినందుకు నిజాం ఆగ్రహించి ఊరు విడిచి పొమ్మన్నారు. కంపెనీ మూతపడింది. ఆ రీళ్లు మనకు దక్కలేదు. ఇలా పోయినవి ఒక్క హైదరాబాదువే కావు. దేశంలో వెయ్యికి పైగా మూకీలు తయారైతే ఇవాళ మిగిలినవి ముప్పైకి మించవు. ఆ నాటి నైట్రేట్ ఫిల్ము ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ ఫిల్ములున్న గిడ్డంగి కాలిపోయినప్పుడు వేల రీళ్లు బూడిదయ్యాయి.

మరి ఎప్పుడైనా, ఎక్కడైనా, ఒక పెట్టెలోంచి హైదరాబాదు వీధి కనిపించే రీలు బయటపడితే దాన్ని చదవడానికి మన దగ్గర ఏముంది? చాలా ఉంది. చార్మినార్‌కు గడియారాలు ఉంటే 1889 తర్వాతిది. మూసీ ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు పూర్తయి కనిపిస్తే దాదాపు 1920 నుంచి ఇటుదే. బస్సు కనిపిస్తే 1932 తర్వాతిది. ఆ ఏడాది జూన్‌లో నిజాం రైల్వే 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టింది. మొజంజాహీ మార్కెట్ ఉంటే 1935కు ఇటు. మన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ చుట్టూ పరంజాలు ఉంటే 1934కూ 1939కీ మధ్య. ఇక గల్లీల కోసం లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో 1912 నుంచి 1915 వరకు తయారైన మునిసిపల్ సర్వే పటాలున్నాయి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత, నగరాభివృద్ధి బోర్డు పాత బస్తీలను పడగొట్టి కొత్త రోడ్లు వేస్తున్న కాలమది. ఆ పటాల్లో బావులు, మసీదులు, గుడులు, ఇళ్ల గోడలు సైతం గుర్తించి ఉన్నాయి. ఒక మలుపు, ఒక బావి దొరికితే కెమెరా నిలబడ్డ చోటు దొరుకుతుంది.

ఈ మధ్య పాత ఫిల్ములకు కంప్యూటరుతో రంగులద్ది, చప్పుళ్లు చేర్చి, నున్నగా చేసి చూపిస్తున్నారు. ఇందులో ఒక్క పనిని నేను సంతోషంగా ఒప్పుకుంటాను: వేగం సరిచేయడం. అప్పట్లో చేత్తో పిడి తిప్పుతూ సెకనుకు సుమారు 16 బొమ్మలు తీసేవారు. తర్వాతి కాలపు యంత్రం వాటిని 24 చొప్పున ఆడించింది. అందుకే మన పెద్దలంతా తెర మీద గెంతుకుంటూ నడిచారు. వాళ్లను చూసి నవ్వుతూ మూడు తరాలు పెరిగాయి. వాళ్ల నడకను వాళ్లకు తిరిగి ఇవ్వడం న్యాయం. రంగు మాటకొస్తే నేను ఒప్పుకోను. ఆ కాలంలో మామూలుగా వాడిన ఫిల్ముకు ఎరుపు ఆనేది కాదు. ఎర్రచీర, కుంకుమబొట్టు దాదాపు నల్లగా పడేవి. ఆ నలుపును చూసి యంత్రం తనకు తోచిన రంగు వేస్తుంది. చూసేవాడు అది నిజమనుకుంటాడు. చప్పుడూ అంతే. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం కలిసి వినిపించిన బజారుకు ఎక్కడివో గుర్రపు డెక్కల చప్పుళ్లు అతికిస్తే అది ఏ ఊరిదీ కాకుండా పోతుంది. రంగు వేయదలచుకుంటే వేయండి, అసలు ఫిల్మును పక్కనే ఉంచండి.

ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో 1994లో జరిగిన సంగతి ఒకటి చెప్పి నా అసలు విన్నపానికి వస్తాను. ఒక పాత దుకాణం నేలమాళిగలో ఇనుప పీపాలు దొరికాయి. వాటిలో 800కు పైగా నెగటివు చుట్టలు. 1900 ప్రాంతాల్లో మిచెల్, కెన్యన్ అనే ఇద్దరు వ్యాపారులు తీసినవి అవి. వాళ్లు మిల్లు వదిలే వేళ గేటు ముందు కెమెరా పెట్టి, బయటికి వచ్చే కార్మికుల ముఖాలన్నీ తీసి, తెర మీద తమను తాము చూసుకోవడానికి వాళ్లనే తిరునాళ్లకు రప్పించుకునేవారు. ఎన్ని ముఖాలు పడితే అన్ని టిక్కెట్లు. పీటర్ వార్డెన్ అనే స్థానిక సినిమా అభిమాని వాటిని కాపాడాడు. ఆ తర్వాత బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, షెఫీల్డ్ విశ్వవిద్యాలయం కలిసి వాటిని బాగుచేసి, ఏ వీధో, ఏ మిల్లో, ఏ తేదీనో ఊరూరా స్థానికుల సాయంతో నిర్ధారించాయి. ఒక విశ్వవిద్యాలయం చేయవలసిన పని అది.

మనకు మిచెల్, కెన్యన్‌లు లేరా? ఉన్నారు. పెళ్లి వీడియో తీసిన ఫొటోగ్రాఫర్లు! 1980ల నుంచి తార్నాకలో, లాలాగూడలో, మెట్టుగూడలో బరాత్ వెళ్లిన ప్రతి వీధీ ఆ క్యాసెట్లలో ఉంది. వాళ్లూ ముఖాలు వదలకుండా తీశారు, ఎవరి ముఖం లేకపోయినా మాట పడుతుంది కనుక. పెళ్లికొడుకు వెనక ఇరానీ హోటలు, కిరాణా కొట్టు, ఎస్టీడీ బూత్, మెట్రో స్తంభాలు లేని ఆకాశం ఉంటాయి. 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక పుట్టిన పిల్లలకు ఆ ఆకాశం ఇంకెక్కడా దొరకదు. రైల్వే క్వార్టర్లలో, ప్రయోగశాలల కాలనీల్లో, ఈ ప్రాంగణంలోని పాత బంగళాల్లో కాపురమున్న కుటుంబాల దగ్గర అంతకుముందటి 8 ఎం.ఎం. రీళ్లు ఉండే అవకాశం ఉంది. అవి అటకల మీద వేడికి ముడుచుకుంటున్నాయి. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొడితే ఆ రీలు కుళ్లడం మొదలైందని అర్థం. క్యాసెట్టు టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని యంత్రంలో పెట్టకండి, టేపూ పోతుంది, యంత్రమూ పోతుంది.

2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అన్నపూర్ణ స్టూడియోలో వారం పాటు ఫిల్ముల సంరక్షణ మీద శిక్షణ నడిపింది. అంటే ఈ విద్య మన ఊరికి కొత్త కాదు. చరిత్ర శాఖకు, జర్నలిజం శాఖకు, పక్కనే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) మిత్రులకు నా విన్నపం: నెలకొక సాయంత్రం కూర్చుందాం. తెర మీద దొరికిన ఫిల్మును మెల్లగా ఆడిద్దాం. గదిలో ఎనభై దాటిన లాలాగూడ వర్క్‌షాపు కార్మికుడు, కూరగాయల బండి నడిపిన అమ్మ, ఆటో డ్రైవరు ఉండాలి, వాళ్లకు మొదటి వరస ఇవ్వాలి. వాళ్లు అన్న మాటను విద్యార్థి రాసుకోవాలి, రికార్డు చేయాలి. ఈ పనికి పెద్ద నిధులు అక్కర్లేదు, ఆలస్యం మాత్రం చెల్లదు.

పెద్దలారా, ఈ ఆదివారం అటక దించండి. దొరికిన ప్రతి డబ్బా మీద, ప్రతి క్యాసెట్టు మీద కాగితం అతికించి రాయండి: ఏ వీధి, ఏ సంవత్సరం, తీసింది ఎవరు, మీరు గుర్తుపట్టగలిగిన పేర్లు ఏవి. సంవత్సరం తెలియకపోతే ఏ పెళ్లి, ఏ పండగ అన్నది రాయండి. రాశాక మా శాఖకు ఒక మాట చెప్పండి, మేమే మీ ఇంటికి వస్తాం.