ఇంటి కంప్యూటర్‌తో ప్రధాన సంఖ్యల వేట



కడప జిల్లా కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మ గారికి పుట్టుకతోనే చూపు లేదు. ఊరూరా గణితావధానాలు చేసేవారు. ఒక సభలో, 103 రెండ్లను వరసగా గుణిస్తే ఎంత వస్తుందని అడిగితే, 32 అంకెల జవాబు నోటితోనే చెప్పారని తెలుగువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ జవాబులోంచి ఒకటి తీసేయండి. మిగిలినది ప్రధాన సంఖ్యేనా? అంటే, ఒకటి, తాను తప్ప ఇంకే సంఖ్యా దాన్ని నిశ్శేషంగా భాగించలేదా? సరిగ్గా ఇలాంటి ప్రశ్న కోసమే ఎన్నో దేశాల్లో మామూలు మనుషులు తమ ఇళ్లలోని కంప్యూటర్లను రాత్రింబవళ్లు నడుపుతున్నారు.

రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటారు. 3, 7, 31, 127 అలాంటివే. మారిన్ మెర్సెన్ ఫ్రాన్సుకు చెందిన క్రైస్తవ సన్యాసి, 1644లో వీటి జాబితా ఒకటి ప్రకటించాడు. అందులో తప్పులు దొర్లాయి, ఎందుకంటే ఇవి చాలా అరుదు, పైగా మోసం చేస్తాయి. 11 రెండ్లను గుణించి ఒకటి తీస్తే 2047. చూడటానికి ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది గానీ, అది 23, 89ల లబ్ధం. శర్మగారి జవాబులోంచి ఒకటి తీస్తే వచ్చేదీ ప్రధాన సంఖ్య కాదు. 2550183799 దాన్ని భాగిస్తుంది.

మరి కోట్ల అంకెలున్న సంఖ్యను పరీక్షించేదెలా? లూకాస్, లెహ్మర్ అనే ఇద్దరు గణితజ్ఞులు చూపిన దారి ఉంది. పిల్లలు పక్కనుంటే కాగితం, పెన్సిల్ తెచ్చుకోమనండి. 31ని పరీక్షిద్దాం. 4తో మొదలుపెట్టండి. 4 వర్గం 16, రెండు తీస్తే 14. 14 వర్గం 196, రెండు తీస్తే 194, దాన్ని 31తో భాగిస్తే శేషం 8. 8 వర్గం 64, రెండు తీస్తే 62, 31తో భాగిస్తే శేషం సున్నా. 31 అంటే అయిదు రెండ్ల లబ్ధం కంటే ఒకటి తక్కువ. అయిదులోంచి రెండు తీస్తే మూడు కాబట్టి మూడో మెట్టులో సున్నా రావాలి, వచ్చింది. 31 ప్రధాన సంఖ్యే. ఇంత చిన్న లెక్కలో ఇంత పెద్ద నిజం దాగి ఉండటం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

1996లో జార్జ్ వోల్ట్‌మన్ అనే అమెరికన్ ఈ వేటకోసం ఒక ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఆ ఉద్యమం పేరు గింప్స్. చేరిన ప్రతి ఒక్కరికీ పరీక్షించాల్సిన సంఖ్య ఒకటి కేటాయిస్తారు. 1999లో మిషిగన్‌లో నయన్ హజ్రత్‌వాలా ఇంటి కంప్యూటర్ 111 రోజులు వీలున్నప్పుడల్లా లెక్క చేసి, పది లక్షల అంకెలు దాటిన మొట్టమొదటి ప్రధాన సంఖ్యను పట్టుకుంది. ఆయనకు 50 వేల డాలర్ల బహుమతి వచ్చింది. టెన్నెసీకి చెందిన జొనాథన్ పేస్‌కు 14 ఏళ్లు ఓపిక పట్టాకగానీ 2017లో ఒకటి దొరకలేదు.

2024 అక్టోబరులో ల్యూక్ డ్యురాంట్ 52వ మెర్సెన్ ప్రధాన సంఖ్యను కనుగొన్నాడు. అందులో 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలున్నాయి. సెకనుకో అంకె చొప్పున రేడియోలో ఆపకుండా చదివితే 475 రోజులు పడుతుంది. అయితే ఇది ఇంటి కంప్యూటర్‌లో దొరకలేదు. 17 దేశాల్లోని డేటా సెంటర్లలో అద్దెకు తీసుకున్న శక్తిమంతమైన గ్రాఫిక్స్ చిప్‌లతో సాధించాడు.

అలాగని ఇంటి కంప్యూటర్ల పని ముగిసిందనుకోను. దాదాపు ప్రతి పరీక్షలోనూ వచ్చే జవాబు "కాదు" అనే. ఒకసారి సరిచూసుకున్నాక ఆ "కాదు" కూడా గణితానికి శాశ్వతంగా తెలిసిన నిజమే, ఇంకెవరూ ఆ సంఖ్య కోసం మళ్లీ శ్రమపడనక్కర్లేదు. బ్యాంకు లావాదేవీల గోప్యతకు ప్రధాన సంఖ్యలు వాడతారు గానీ, ఇంత పెద్దవి అవసరం లేదు. వేరే రకంగా మేలు జరిగింది. 2016లో ఇంటెల్ కొత్త ప్రాసెసర్లలోని ఒక లోపం గింప్స్ ప్రోగ్రాం నడుపుతున్నప్పుడే బయటపడింది.

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఉత్సాహంతో గింప్స్‌లో చేరాలనుకునే విద్యార్థులకు ఒక మాట. ప్రాసెసర్ పూర్తి బలంతో పనిచేస్తూ అదనంగా 100 వాట్లు లాగితే, రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72 యూనిట్ల కరెంటు. బిల్లు కట్టే అమ్మానాన్నల్ని ముందే అడగండి. ల్యాప్‌టాప్ కంటే, ఫ్యాన్ దుమ్ము దులిపిన డెస్క్‌టాప్ మంచిది. మన ఎండాకాలంలో, ముఖ్యంగా మేలో, ఆపేయడమే మేలు. ప్రోగ్రాం చేసిన లెక్కను అరగంటకోసారి భద్రపరుస్తుంది కాబట్టి, కరెంటు పోయినా, మీరే ఆపినా, వానలు పడ్డాక మళ్లీ అక్కడి నుంచే కొనసాగించవచ్చు.