ఫోన్ పాడైతే కాల్ ఎలా? ఇంట్లో కంప్యూటర్ నుంచి ఫ్రీగా మాట్లాడుకుందాం

 

ఈ రోజు టాపిక్ వినగానే మీలో చాలామంది "చేతిలో ఫోన్ ఉండగా కంప్యూటర్‌తో కాల్ ఎందుకు బ్రో" అంటారు. నేనూ అలాగే అనుకునేవాడిని. నా ఫోన్ బకెట్‌లో పడిన రోజు వరకు.

మాది రాజంపేట వైపు. మా నాన్న కువైట్‌లో డ్రైవర్. అక్కడి టైమ్ మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. నాన్న డ్యూటీ దిగి ఎనిమిదింటికి కాల్ చేస్తే మనకి పదిన్నర. రోజూ అదే టైమ్. ఇంట్లో నెట్ ఉన్న ఫోన్ నాదొక్కటే, అమ్మది కీప్యాడ్ ఫోన్. ఆ రోజు సాయంత్రం నా ఫోన్ నీళ్ళలో పడింది, ఆన్ అవ్వలేదు. అయినా నేను కంగారు పడలేదు. ఎందుకంటే కాలేజీ ఫైళ్ళ కోసం డెస్క్‌టాప్‌లో వాట్సాప్ ముందే లింక్ చేసి పెట్టుకున్నా. పదిన్నరకి కంప్యూటర్ మోగింది. ఇయర్‌ఫోన్స్ గుచ్చి కాల్ ఎత్తా.

"హలో... ఏరా, వినపడతాందా?" అని నాన్న గొంతు క్లియర్‌గా వచ్చింది. నేను "ఆ నాన్నా, చెప్పు" అంటున్నా. అవతలికి ఏమీ పోవట్లేదు. "హలో, హలో" అని అరిచి అరిచి కట్ చేశాడు. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే. మెసేజ్ టైప్ చేశా, కానీ మా నాన్న మెసేజ్‌లు చదవడు, వాయిస్ పెడితే వింటాడు. వాయిస్ పెట్టాలంటే మళ్ళీ అదే మైక్ కావాలి! అమ్మ ఫోన్ చూస్తే ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. కొడుకు ఫోన్ ఎత్తుతున్నాడు, మాట్లాడట్లేదు. భార్య ఫోన్ స్విచాఫ్. అంత దూరంలో ఉన్న మనిషి ఏమనుకుంటాడు? బ్యాలెన్స్ ఖర్చుపెట్టి పక్కింటివాళ్ళకి కాల్ చేశాడు. రాత్రి పదకొండింటికి వాళ్ళొచ్చి తలుపు కొట్టారు. "మీ ఇంట్లో అందరూ బాగున్నారా?" అని.

అందరం బాగానే ఉన్నాం. బాగాలేనిది ఒక్క మైకే. అదీ నా తప్పే, ఒక్కసారి కూడా టెస్ట్ చేసుకోలేదు. అందుకే ఈ వీడియోలో నేను చెప్పేది ఒక్కటే: ఫోన్ బాగున్నప్పుడే కంప్యూటర్‌ని కాల్‌కి రెడీ చేసి పెట్టుకోండి. ఎందుకు ముందే చేయాలో కూడా చెప్తా.

ముందు చిన్న ఫ్లాష్‌బ్యాక్. మనకి ఇది కొత్తగా అనిపిస్తుంది గానీ, అసలు నెట్ కాల్ మొదలైందే కంప్యూటర్‌లో. మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1 నుంచి పర్మిషన్ ఇచ్చారు. 2003లో స్కైప్ వచ్చింది. నెట్ సెంటర్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అమెరికాలో ఉన్నవాళ్ళతో మాట్లాడిన కథలు మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, చెప్తారు. 2011లో స్కైప్‌ని మైక్రోసాఫ్ట్ కొన్నది. 2025 మే 5న మూసేసింది. కాబట్టి పాత వీడియోలు చూసి స్కైప్ డౌన్‌లోడ్ కోసం వెతక్కండి. ఆ పేరుతో ఇప్పుడు ఎవరైనా ఫైల్ ఇస్తే దాన్ని ముట్టుకోకండి.

సరే, పనిలోకి వద్దాం. మొదటిది మైక్. నేను దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

ల్యాప్‌టాప్ అయితే మైక్ లోపలే ఉంటుంది. డెస్క్‌టాప్‌కి మామూలుగా ఉండదు. డెస్క్‌టాప్ వెనక చూస్తే రెండు రంగుల రంధ్రాలు కనిపిస్తాయి. ఆకుపచ్చది సౌండ్ బయటికి రావడానికి, గులాబీ రంగుది మైక్ లోపలికి పోవడానికి. ఇప్పుడు మీ మొబైల్ ఇయర్‌ఫోన్స్ పిన్ చూడండి. దానిమీద నల్ల గీతలు మూడు ఉంటే అందులో మైక్ కూడా ఉన్నట్టు, రెండే ఉంటే వినడానికి మాత్రమే. మూడు గీతల పిన్‌ని తీసుకెళ్ళి ఆకుపచ్చ రంధ్రంలో పెడితే ఏమవుతుంది? పాటలు బ్రహ్మాండంగా వినపడతాయి. మైక్ మాత్రం పనిచేయదు, ఎందుకంటే ఆ రంధ్రానికి మైక్ లైనే లేదు. ఆ రాత్రి నేను చేసింది అదే.

దీనికి మందు ఏంటంటే స్ప్లిటర్. ఒకవైపు మీ ఇయర్‌ఫోన్ గుచ్చుకునే రంధ్రం, రెండోవైపు రెండు పిన్‌లు ఉంటాయి. ఒకటి ఆకుపచ్చలోకి, ఒకటి గులాబీలోకి. షాపులో అడిగేటప్పుడు జాగ్రత్త. ఇద్దరు కలిసి పాటలు వినడానికి ఇంకో రకం స్ప్లిటర్ ఉంటుంది, అది ఇస్తే మన పని కాదు. "మొబైల్ ఇయర్‌ఫోన్‌ని కంప్యూటర్‌కి పెట్టాలి, మైక్ కూడా పనిచేయాలి" అని చెప్పి తీసుకోండి. ఈ గొడవంతా ఎందుకు అనుకుంటే యూఎస్‌బీ హెడ్‌సెట్ ఒకటి చాలు, వినడం, మాట్లాడటం రెండూ ఒకే వైరు మీద అయిపోతాయి. వెబ్‌క్యామ్ ఉన్నవాళ్ళు ఒకసారి చూసుకోండి, చాలా వాటిలో మైక్ కూడా ఉంటుంది.

అలాగే స్పీకర్లు పెద్దగా పెట్టి మాట్లాడకండి. అవతలివాళ్ళ గొంతు మీ స్పీకర్‌లోంచి వచ్చి, మీ మైక్‌లో దూరి, మళ్ళీ వాళ్ళకే వినపడుతుంది. అదే ఎకో. యాప్‌లు దాన్ని తగ్గించడానికి ట్రై చేస్తాయి గానీ, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆ సమస్యే రాదు.

రెండోది టెస్ట్. విండోస్ 11లో సెట్టింగ్స్ ఓపెన్ చేసి, సిస్టమ్, అందులో సౌండ్‌కి వెళ్ళండి. కింద ఇన్‌పుట్ అని ఉంటుంది. అక్కడ మీ మైక్ పేరు సెలెక్ట్ అయ్యి ఉండాలి. ఇప్పుడు ఏదో ఒకటి మాట్లాడండి. పక్కన ఉన్న గీత కదిలితే కంప్యూటర్‌కి మీ గొంతు వినపడుతున్నట్టు. కదలకపోతే తప్పు యాప్‌ది కాదు, మైక్‌దో వైరుదో. గీత కదులుతున్నా యాప్‌లో గొంతు పోవట్లేదంటే అప్పుడు పర్మిషన్ చూడాలి. సెట్టింగ్స్‌లోనే ప్రైవసీలో మైక్రోఫోన్ అని ఉంటుంది, అది ఆన్ చేయాలి. బ్రౌజర్‌లో మాట్లాడుతుంటే, పైన అడ్రస్ పక్కన ఉన్న చిన్న గుర్తు నొక్కి అక్కడ మైక్‌కి అలో ఇవ్వాలి. చివరగా విండోస్‌లోనే ఉండే రికార్డర్‌లో పది సెకన్లు మాట్లాడి వినండి. మీ గొంతు మీకే నచ్చదు, అది అందరికీ మామూలే!

మూడోది యాప్. మన ఇళ్ళల్లో అందరికీ వాట్సాప్ ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో గానీ, వాట్సాప్ సొంత సైట్‌లో గానీ డెస్క్‌టాప్ యాప్ దొరుకుతుంది. గూగుల్‌లో వెతికి పైన కనిపించిన యాడ్ నొక్కొద్దు, నకిలీ డౌన్‌లోడ్ పేజీలు ఉంటాయి. యాప్ ఓపెన్ చేస్తే ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. ఫోన్‌లో వాట్సాప్ తెరిచి, లింక్డ్ డివైసెస్, లింక్ ఎ డివైస్ నొక్కి స్కాన్ చేయాలి. అంతే. ఎవరి చాట్ అయినా ఓపెన్ చేస్తే పైన కాల్ గుర్తు ఉంటుంది.

ఇక్కడే అసలు పాయింట్. ఫోన్ బాగున్నప్పుడే చేయమని ఎందుకన్నానంటే, లింక్ చేయడానికి ఫోన్ కావాలి. ఫోన్ పోయాక లింక్ చేద్దామంటే కుదరదు. కానీ ఒకసారి లింక్ అయ్యాక ఫోన్ ఆఫ్‌లో ఉన్నా కంప్యూటర్‌లో కాల్స్ వస్తాయి, పోతాయి. అయితే 14 రోజులు ఫోన్‌లో వాట్సాప్ అసలు వాడకపోతే కంప్యూటర్‌లో లాగౌట్ అయిపోతుంది. అంటే మీకు దొరికేది రెండు వారాల గడువు. ఫోన్ రిపేర్ చేయించుకోవడానికి సరిపోతుంది.

రెండో దారి కూడా పెట్టుకోండి, గూగుల్ మీట్. దీనికి ఇన్‌స్టాల్ చేసే పని లేదు, బ్రౌజర్ చాలు. మీటింగ్ మొదలుపెట్టి ఆ లింక్ అవతలివాళ్ళకి పంపడమే. ఫ్రీ అకౌంట్‌లో ఇద్దరే మాట్లాడితే 24 గంటల వరకు, ముగ్గురు అంతకంటే ఎక్కువైతే 60 నిమిషాల వరకు. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. కంప్యూటర్‌లో గూగుల్ అకౌంట్ లాగిన్ చేసేటప్పుడు "మీ ఫోన్‌లో ఎస్ నొక్కండి" అంటుంది. ఫోన్ నీళ్ళలో ఉంది కదా! అందుకే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకున్నవాళ్ళు అకౌంట్ సెక్యూరిటీలోకి వెళ్ళి బ్యాకప్ కోడ్స్ తీసుకోండి. పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే ఏం లాభం చెప్పండి.

ఇప్పుడు అందరూ అడిగేది, డేటా ఎంత అవుతుంది? లెక్క వేసి చూద్దాం. నెట్ కాల్‌లో మీ గొంతుని చిన్న చిన్న ముక్కలుగా కోసి పంపుతారు. మామూలుగా ఒక్కో ముక్క 20 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి 50 ముక్కలు. ఓపస్ అనే పద్ధతిలో గొంతుని కుదించి పంపుతారు. సెకనుకి 32 కిలోబిట్లు అనుకుంటే, రెండు వైపులా కలిపి గంటకి దాదాపు 29 ఎంబీ. ప్రతి ముక్క మీద రాసే అడ్రస్‌ కూడా కలుపుకుంటే 40 ఎంబీ దాటుతుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్ళకి ఇది లెక్కలోది కాదు. వీడియో ఆన్ చేస్తే మాత్రం దీనికి ఎన్నో రెట్లు పోతుంది. అందుకే గొంతు తెగుతుంటే మొదట చేయాల్సిన పని వీడియో ఆపేయడం. తర్వాత, ఇంట్లో ఎవరైనా పెద్ద డౌన్‌లోడ్ పెట్టారేమో చూడండి. నెట్ స్పీడ్ బాగున్నా ఈ ముక్కలు ఒకటి ముందు, ఒకటి వెనక వస్తే మాట తెగుతుంది. రౌటర్ నుంచి వైరు పెట్టుకోగలిగితే వైఫై కంటే నిలకడగా ఉంటుంది.

ఇక కొన్ని జాగ్రత్తలు, ఇవి స్కిప్ చేయొద్దు.

ఒకటి, ఈ కాల్స్ యాప్ నుంచి యాప్‌కే. మామూలు నంబర్లకి పోవు. స్కైప్ కూడా మన దేశం లోపల ఫోన్లకి కాల్స్‌ని 2014 నవంబర్‌లోనే ఆపేసింది. కాబట్టి వాట్సాప్ నుంచి 112 కి, అంబులెన్స్‌కి కాల్ చేయొచ్చు అనుకోకండి. దానికి మామూలు ఫోనే కావాలి. కీప్యాడ్ ఫోన్ అయినా సరే, ఛార్జింగ్ పెట్టి ఉంచండి. మా అమ్మకి ఇప్పుడు రోజూ గుర్తు చేస్తున్నా.

రెండు, మీవాళ్ళు దుబాయ్, అబుదాబి వైపు ఉంటే అక్కడ వాట్సాప్ కాల్స్ పనిచేయవు, మెసేజ్‌లు మాత్రమే. అక్కడ పర్మిషన్ ఉన్న యాప్‌లు వేరే ఉన్నాయి, వాళ్ళు వాడేది ఏదో అడిగి మీరూ అదే పెట్టుకోండి. వీపీఎన్ పెట్టుకో అని సలహా మాత్రం ఇవ్వకండి, అక్కడి చట్టాలతో వాళ్ళు ఇరుక్కుంటారు.

మూడు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమని, ఎనిమిది అక్షరాల కోడ్ కొట్టమని వేరేవాళ్ళు ఎవరు చెప్పినా చేయొద్దు. మీరు మీ కంప్యూటర్‌ని ఎలా లింక్ చేశారో, వాళ్ళ కంప్యూటర్‌ని మీ అకౌంట్‌కి అలాగే లింక్ చేసుకుంటారు. లింక్డ్ డివైసెస్ లిస్టు అప్పుడప్పుడు చూడండి, మీకు తెలియనిది ఉంటే లాగౌట్ కొట్టండి. నెట్ సెంటర్‌లో, ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో లింక్ చేస్తే లేచేముందు లాగౌట్ చేసి లేవండి. డబ్బు పోతే వెంటనే 1930 కి కాల్ చేయాలి.

ఆ రాత్రి సంగతి ఎలా ముగిసిందో చెప్పలేదు కదా. పక్కింటి అన్న ఫోన్ తీసుకుని నాన్నకి చేశాం. అమ్మ గొంతు విన్నాక అటువైపు కాసేపు మాటే లేదు. తర్వాత "సరే, అన్నాలు తిన్నారా?" అన్నాడు. అంతే. నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే స్ప్లిటర్ కొన్నా. ఆ రాత్రి పదిన్నరకి కంప్యూటర్ మోగింది. "హలో, వినపడతాందా?" అన్నాడు. "వినపడతాంది నాన్నా" అన్నా.

సో ఫ్రెండ్స్, ఈ వీడియో అయిపోగానే ఒక్క పని చేయండి. కంప్యూటర్‌లో వాట్సాప్ లింక్ చేసి, మీ ఫోన్ స్విచాఫ్ చేసి, ఇంటికి దూరంగా ఉన్న మీ మనిషికి ఒక టెస్ట్ కాల్ కొట్టండి. "ఊరికే చేశా" అని చెప్పండి, వాళ్ళకీ సంతోషం. మైక్ పనిచేయకపోతే మీ డెస్క్‌టాప్‌కి ఏ రంధ్రాలున్నాయి, మీ పిన్‌కి ఎన్ని గీతలున్నాయి అని కామెంట్‌లో రాయండి, చూసి చెప్తా. నచ్చితే గల్ఫ్‌లో, అమెరికాలో మీవాళ్ళున్న గ్రూపుల్లో షేర్ చేయండి.