ఏ డిగ్రీకి కరగాలి?



వేసవి వచ్చిందంటే హైదరాబాద్‌లోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నుంచి మామిడి వాసన రోడ్డుదాకా కొట్టేది. పట్టాలు అందుకుంటున్న ఇంజనీర్లారా, మీ సీనియర్లకు ఆ వాసన తెలుసు. మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. ఖాళీ అయిన ఆ పాత స్థలంలోనే 2022 ఏప్రిల్‌లో టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. పండుకూ చల్లదనం కావాలి, మందుకూ కావాలి. అయితే రెండింటికీ ఒకే చల్లదనం పనికిరాదు.

హెపటైటిస్-బి టీకా సంగతి చూడండి. వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన హైదరాబాద్ నుంచే దాన్ని అందుబాటు ధరకు తెచ్చింది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టిందా, ఇక పారేయాల్సిందే. అందుకే టీకాలు వేసే ఏఎన్‌ఎం అక్క ఐస్‌ప్యాకును ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే టీకా క్యారియర్‌లో పెట్టదు. కాసేపు బయట ఉంచి, ఊపి, లోపల నీళ్లు కదిలిన చప్పుడు విన్నాకే పెడుతుంది. మీరు పరీక్షల్లో రాసిన ఫేజ్ చేంజ్ మెటీరియల్, అంటే కరుగుతూ వేడిని దాచుకునే పదార్థం, ఆమె చేతిలో ఉన్నదే: ప్లాస్టిక్ డబ్బా, లోపల నీరు. కిలో మంచు సున్నా దగ్గరే నిలబడి కరుగుతూ 334 కిలోజౌళ్ల వేడిని మింగుతుంది. అంతే వేడి ఆ కరిగిన నీటికిస్తే 80 డిగ్రీలకు చేరుతుంది! చిక్కల్లా ఆ సున్నాతోనే. 5 డిగ్రీల దగ్గర కరిగే పదార్థం నింపి, దాన్ని సున్నాకు దించకుండానే గట్టిపరిస్తే టీకా గడ్డకట్టే భయం ఉండదు.

మామిడికాయకు ఆ 5 కూడా ఎక్కువ చలే. 12 డిగ్రీల కిందకు దించి కొన్నాళ్లు ఉంచితే తొక్క మచ్చలు పడుతుంది, కాయ సరిగా పండదు. బాటసింగారం లారీకి కావాల్సింది వేరే డిగ్రీకి కరిగే పదార్థం.

పదార్థం దొరికితే సరిపోదు, దాన్ని పట్టి ఉంచేదీ కావాలి. 1948లో అమెరికాలోని డోవర్‌లో మారియా టెల్కెస్ సూర్యుడి వేడిని గ్లాబర్ లవణంలో దాచి ఒక ఇంటిని వెచ్చగా ఉంచారు. ఆ లవణం 32 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తొలి చలికాలాలు బాగానే గడిచాయి. కానీ కరిగి, గట్టిపడి, మళ్లీ కరిగే కొద్దీ లవణం విడిపోయి అడుగున పేరుకుంది, డబ్బాలు తుప్పుపట్టాయి. ఇప్పుడు ఆ చిక్కు లేకుండా మైనాన్ని మైక్రాన్లలో కొలిచే పాలిమర్ గుళికల్లో బంధించి గోడల ప్లాస్టర్‌లో కలుపుతున్నారు. మైనంలో వేడి నత్తనడక నడుస్తుంది కనుక గుళిక ఎంత చిన్నదైతే అంత మేలు. కాకపోతే పైపొర వేడిని దాచదు, బరువు మాత్రం పెంచుతుంది. ఎంత పలచగా చేయాలన్నది మీ తరం తేల్చాల్సిన లెక్క.

మరో మాట. యూరప్ గోడల కోసం తయారైన, 23 డిగ్రీల దగ్గర కరిగే గుళికను తెచ్చి దిల్‌సుఖ్‌నగర్ డాబాలో కలిపితే డబ్బు దండగ. మే నెలలో ఇక్కడ తెల్లవారుజామున కూడా 26 కిందకు దిగని రోజులుంటాయి. పగలు కరిగింది రాత్రి గట్టిపడకపోతే మర్నాడు అది ఉత్త మైనమే. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇంటి కప్పులు వేడెక్కకుండా చూసే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ముందు కప్పుకు తెల్ల పూత వేయించండి, అదే చవక. ఆ తర్వాతే గుళికల మాట.

సరూర్‌నగర్‌లోనో కొత్తపేటలోనో మీ ఇంటి స్లాబు కింద, వచ్చే మే నెలలో తెల్లవారుజాము 5 గంటలకు థర్మామీటర్ పెట్టి చూడండి. ఆ అంకె చేతిలో పెట్టుకుని, దానికి కాస్త పైన కరిగేది కావాలని అమ్మేవాణ్ణి అడగండి.