తడికట్టె యెక్కడ?
(సాంస్కృతిక సమాజ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



విజయనగరము నుండి పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూరు చేరు రైలుమార్గము 1931లో పూర్తి యయ్యెను. రాయపూరు సమీపించుచుండగా ఆ మార్గమున తగులు చిన్న స్టేషను మందిర్ హసౌద్. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర మేర్పడిన పిదప దీనికి చేరువనే నవ రాయపూరు వెలసినది. అచ్చటి ఉపర్వారాలో హిదాయతుల్లా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము కలదు. 2003లో స్థాపింపబడిన ఈ సంస్థ, బాల్యమున రాయపూరు ప్రభుత్వోన్నత పాఠశాలలో చదివి, 1968 నుండి 1970 వరకు భారత ప్రధాన న్యాయమూర్తిగా నుండిన మహమ్మద్ హిదాయతుల్లా పేరు ధరించినది.

మందిర్ హసౌద్‌లో ఒక తెలుగు ఉద్యోగి యింట పదునేడేండ్ల బాలిక కలదని భావింపుడు. ఆ విశ్వవిద్యాలయమున చేరి న్యాయవాది కావలెనని ఆమె కోరిక. భవనములు ఇంటికి దగ్గర; ప్రవేశము మాత్రము దూరము. ఇందులకే గాక హైదరాబాదులోని నల్సార్‌కు, విశాఖపట్టణములోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమునకు కూడ దేశమంతటికి ఒక్కటే పరీక్ష. 2008లో ఆరంభమైన ఆ పరీక్షను క్లాట్ అందురు. 2020 నుండి అందలి ప్రశ్నలు గద్యభాగములను చదివి ఆలోచించి ఉత్తరమీయవలసిన రీతిలో నున్నవి. 2024 ప్రవేశముల పరీక్ష మొదలు రెండు గంటలలో 120 ప్రశ్నలు. ఒప్పునకు ఒక మార్కు, తప్పునకు పావు మార్కు కోత. వీనిలో 22 నుండి 26 వరకు తార్కిక వివేచనకు సంబంధించినవి.

ఆ బాలిక సాయంకాలము పది ప్రశ్నలకు పూనుకొనును. ఆరు ఒప్పు, నాలుగు తప్పు. పుస్తకము చివర ఉత్తరములు చూచుకొని నిట్టూర్చును. మరునాడు మరి పది. మరల నాలుగు తప్పులు. నెల గడచినను లెక్క మారదు. తండ్రి కార్యాలయము నుండి వచ్చి, “ఏమమ్మా, ఇంకను కుదురలేదా?” యని అడుగును. “నాన్నగారూ, తెలియనిది తప్పినచో బాధ లేదు. తెలిసినదనుకొన్నదే తప్పుచున్నది” యని ఆమె సమాధానము.

కఠినమైన తర్కప్రశ్న యొక్క స్వభావ మంతయు ఆ ఒక్క మాటలోనే కలదు. చరిత్ర ప్రశ్న కఠినమైనచో తెలియని సంవత్సరమేదో అందులో నుండును. గణితము కఠినమైనచో చేయలేని లెక్క యుండును. తర్కప్రశ్నలో మాటలన్నియు తెలిసినవే, విషయమును తెలిసినదే. వాక్యమునకు వాక్యమునకు నడుమ చెప్పని మాట యొకటి దాగియుండును. చదువరి మనస్సు తనకు తెలియకుండనే ఆ మాటను తెచ్చి అతికించుకొని ముందునకు పోవును. ఎద్దు ఈనినదనిన దూడను కట్టివేయుమన్నట్లు, ఎద్దు ఈనునా యని ఒక్క క్షణము ఆగని వాడే ఇచ్చట ఓడిపోవును.

ఉద్యోగులందరికి పరిచితమైన ఉదాహరణ మొకటి. “సంతకము లేని దరఖాస్తు తిరస్కరింపబడును” అను నియమము కలదు. దీనినిబట్టి నిశ్చయముగా చెప్పదగిన దేది? సంతకము చేసిన దరఖాస్తు అంగీకరింపబడునని కొందరందురు. తిరస్కరింపబడిన దరఖాస్తుపై సంతకము లేదని మరికొందరు. రెండును తప్పే. సంతకము చేసియు, గడువు దాటి పంపినందున తిరిగివచ్చిన దరఖాస్తులు ఏ కార్యాలయమున లేవు? నిశ్చయముగా చెప్పదగినది ఒక్కటే: తిరస్కరింపబడని దరఖాస్తుపై సంతకము కలదు. నియమమును తలక్రిందు చేసి, రెండు వైపుల నిషేధము నుంచినప్పుడే అది నిలుచును. ఊరక తలక్రిందు చేసినను, ఊరక నిషేధించినను నిలువదు.

ఈ విషయము ఈ దేశమునకు క్రొత్త కాదు. పదునేడవ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు బాలుర కొరకై రచించిన తర్కసంగ్రహము నేటికిని న్యాయశాస్త్రమునకు తొలి వాచకము. ఆ శాస్త్రమున వాడుకపడిన దృష్టాంతము పొగయు నిప్పును. పొగ యున్నచోట నిప్పుండును. కాని నిప్పున్న చోటనెల్ల పొగ యుండవలెనని లేదు. ఎఱ్ఱగా కాలిన ఇనుప గుండులో నిప్పు కలదు, పొగ లేదు. నిప్పు పొగ నిచ్చుటకు తడికట్టె తోడు కావలెను. అట్లు చాటున నుండి పని నడపు షరతునకు శాస్త్రజ్ఞులు ఉపాధి యని పేరిడిరి. నిప్పును చూచి పొగను ఊహించువాడు తడికట్టెను మరచినవాడు. కఠిన ప్రశ్న ఎదురైనప్పుడెల్ల “ఇందు తడికట్టె యెక్కడ?” అని అడుగుకొనుటయే ఈ విద్యకు మూలము.

ఇంకను క్లిష్టమైన ప్రశ్న నొకదానిని పరిశీలింపవచ్చును. ఒక ఊరి స్టేషనులో క్రొత్తగా పెద్ద గడియారము నెలకొల్పిరి. పిదప మూడు మాసములలో ఉదయపు బండి తప్పిపోవు ప్రయాణికుల సంఖ్య తగ్గినది. కావున గడియారమే ఈ మేలునకు కారణమని స్టేషను మాస్టరు నిర్ణయించెను. ఈ వాదము నిలుచుటకు తప్పక అంగీకరింపవలసిన దేది?

మొదటిది: గడియారము లేని స్టేషనులలో అందరును బండి తప్పిపోవుదురు. రెండవది: ఆ మూడు మాసములలో ఉదయపు బండి బయలుదేరు వేళ ఆలస్యముగా మార్చబడలేదు. మూడవది: గడియారము ప్రయాణికులకు నచ్చినది. నాలుగవది: బండి తప్పిపోవుటకు గడియారము లేకపోవుట యొక్కటే కారణము.

మూడవది వెంటనే తొలగును. నచ్చుటకును వేళకు వచ్చుటకును సంబంధము లేదు. మొదటిది అతిశయోక్తి. మిగిలినవి రెండు. ఇచ్చటనే ఆ బాలిక నాలుగవదానిని గుర్తుపెట్టి మార్కు పోగొట్టుకొనును. అందులో గడియారము కలదు, కారణమను పదము కలదు, వాదములోని మాటలన్నియు కలవు. కావున అది బంధువువలె కనబడును. పరీక్షించు మార్గమేమన, ఒక్కొక్క దానిని కాదని చూడవలెను. గడియారము లేకపోవుట యొక్కటే కారణము కాదనుకొనుడు. ఎడ్లబండి ఆలస్యమై కొందరు తప్పిపోవుచుందురు. అయినను గడియారము వలన మరికొందరికి మేలు కలిగియుండవచ్చును, వాదము చెడలేదు. ఇప్పుడు రెండవదానిని కాదనుడు. బండి పదునైదు నిమిషములు ఆలస్యముగా బయలుదేరుచున్నదట! వెంటనే స్టేషను మాస్టరు నిర్ణయము తడబడును. మేలు గడియారము వలననో, పెరిగిన వ్యవధి వలననో తెలియదు. దేనిని కాదనిన వాదము కూలబారునో అదియే వాదమునకు ఆధారము. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒకే క్షణమున జరిగినంత మాత్రమున కాకియే పండును రాల్చినదనరాదని పెద్దలు కాకతాళీయమను మాటలో ఏనాడో చెప్పిరి.

కావున నాలుగు తప్పులు నాలుగుగానే నిలిచిపోవుటకు కారణము ఆ బాలిక బుద్ధిమాంద్యము కాదు. ఒప్పు ఉత్తరమును చూచి ఆమె పుట త్రిప్పివేయుచున్నది. ఒప్పు ఎందులకు ఒప్పో తెలిసికొనుట సగము పని. తానెన్నుకొన్న తప్పు తనకెందులకు ఒప్పుగా తోచినదో తెలిసికొనుట తక్కిన సగము. ఇందులకొక నోటు పుస్తకము చాలును. తప్పిన ప్రతి ప్రశ్నకు అందులో మూడు వాక్యములు వ్రాయవలెను: వాదము తుదకు చెప్పుచున్నదేమి? దానికి చూపిన హేతువేమి? ఆ రెంటి నడుమ దాగిన తడికట్టె యేది? పిమ్మట తన్ను మోసగించిన ఉత్తరము ఏ జాతిదో గుర్తింపవలెను: అతిశయోక్తియా, సంబంధము లేనిదా, తలక్రిందైనదా, లేక గద్యములోని మాటలనే ధరించి వచ్చినదా? ఇట్లు వ్రాసినచో పది ప్రశ్నలకు ఒక సాయంకాలము చాలకపోవచ్చును. చాలకున్నను నష్టము లేదు. తొలి దినములలో గడియారమును గోడవైపు త్రిప్పి పనిచేయవలెను. నిదానము స్థిరపడిన తరువాతనే వేగమును అభ్యసింపవలెను.

ఆ మూడు వాక్యములను తెలుగున వ్రాయుట మరియు మేలు. పరీక్ష ఆంగ్లమున జరుగును, బడిలో హిందీ, కావున తెలుగు ఇంటిమాటగా మిగిలిన చాలునని రాయపూరు ప్రాంతమున స్థిరపడిన తల్లిదండ్రులలో కొందరి అభిప్రాయము. కాని ఆంగ్లగద్యములోని పొడుగాటి పదబంధము చదువరిని బెదరించును. దానినే ఇంటిలో అమ్మమ్మకు చెప్పునట్లు చెప్పిచూచినచో వాదములోని బోలుతనము తనంతట బయటపడును. “ఐతే బండివేళ మారలేదా అమ్మడూ?” యని అమ్మమ్మయే అడుగవచ్చును. ఆమె తర్కసంగ్రహము చదువలేదు, క్లాట్ పేరు వినలేదు. తడికట్టెను మాత్రము పట్టుకొన్నది.

వివేచనకు పరీక్షామందిరమున కలుగు లాభమును అంకెలలోను చూపవచ్చును. నాలుగు ఉత్తరములలో ఏదో ఒకటి గ్రుడ్డిగా గుర్తించువాడు పదునారు ప్రశ్నలలో సగటున నాలుగు ఒప్పును, పండ్రెండు తప్పును చేయును. కోత పోగా మిగులునది ఒక్క మార్కు. కారణము తెలిసి రెండు ఉత్తరములను తొలగించి, మిగిలిన రెంటిలో ఒకటి ఎన్నుకొనువానికి ఎనిమిది ఒప్పు, ఎనిమిది తప్పు. మిగులునవి ఆరు మార్కులు. సంపూర్ణముగా తెలియనప్పుడును, ఏది కాదో తెలియుట వ్యర్థము కాదు.

అమెరికాలో న్యాయ విద్యాలయ ప్రవేశమునకై 1948 నుండి ఎల్‌శాట్ అను పరీక్ష జరుగుచున్నది. అందు దీర్ఘకాలము విద్యార్థులను బాధించిన అమరికల చిక్కుప్రశ్నల విభాగమును 2024 ఆగస్టునుండి తొలగించిరి. వాదములను పరీక్షించు ప్రశ్నలు మాత్రము నిలిచినవి. న్యాయవిద్యకు ఈ శక్తి యెంత ముఖ్యమో దీనివలన తెలియుచున్నది.

అది సహజమే. రేపు న్యాయస్థానమున ఆ బాలిక ఎదుట నిలుచునది కాగితముపై ప్రశ్న కాదు. దొంగతనము జరిగిన రాత్రి ఒకడు ఆ వీధిలో కనబడెను. కావున దొంగ వాడే యని పోలీసులు చెప్పవచ్చును. ఆ రెండు వాక్యముల నడుమ దాగిన మాటను ఎవరును అడుగనిచో ఒక నిరపరాధి కారాగారమున పడును. నేడు నోటు పుస్తకములో వ్రాసికొను మూడు వాక్యములు ఆనాడు ఒక మనుష్యుని స్వేచ్ఛను కాపాడవచ్చును.

కావున తలిదండ్రులారా! సాయంకాలము ఇంటికి చేరి, “ఎన్ని ఒప్పు?” అని అడుగుట కొంతకాలము మానుడు. “ఈనాడు తప్పిన దేది? అది ఒప్పని నీకెందులకు తోచినదమ్మా?” అని అడుగుడు. పిల్ల చెప్పుచుండగా అడ్డుపడక వినుడు. చెప్పుచు చెప్పుచు నడుమ ఆమెయే ఆగి, “ఆగండి నాన్నగారూ, తడికట్టె దొరికినది” యనునపుడు, ఆ నాలుగు తప్పులు మూడగుటకు ఇక ఎంతో కాలము పట్టదు.