జర్మనుల చేపల కుండ



పరదేశపు వంట యనగానే మన యిండ్లలో రెండు సందేహములు పుట్టును. దినుసులు దొరకునా? మన నోటికి రుచించునా? ఉత్తర జర్మనీ చేపల వంటకమున అంతకంటె పెద్ద సందేహ మొకటి కలదు: ముక్క విరుగక నిలుచునా? నెలాఖరున అరకిలో చేప కొని తెచ్చిన గృహస్థున కిది చిన్న ప్రశ్న కాదు.

ఈ వంటకమును జర్మను భాషలో 'ఫిష్‌టొప్ఫ్' అందురు. అనగా చేపల కుండ. హాంబర్గు నగరమున ఆదివారపు చేపల సంత 1703 నుండి ప్రసిద్ధము. సరకు చెడకమునుపే, జనులు ప్రార్థనకు పోకమునుపే అమ్ముడుపోవలెనని దానిని తెల్లవారుజామున నడిపిరి. చేప యెదుట ఆలస్యము తగదను పాఠము సంతలోనే మొదలగును.

చేపకు తోడు బంగాళాదుంప. దాని సాగును ప్రోత్సహించుచు ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ 1756లో ఆజ్ఞ వెలువరించెను. కొద్ది చేపతో ఇంటిల్లిపాదికిని కడుపు నింపునది ఆ దుంపయే.

చేపను శుభ్రపరచుట, పులుపు పట్టించుట, ఉప్పు చల్లుట: ఇవి జర్మను గృహిణుల మూడు సూత్రములు. వారి భాషలో మూడు మాటలును ఒకే యక్షరముతో మొదలగుటచే 'మూడు ఎస్‌లు' అని చెప్పుకొందురు. ఉప్పు, నిమ్మరసములతో చేపను కడుగు తెలుగు ఇల్లాలికి ఇది క్రొత్త కాదు.

నలుగురికి అరకిలో ముల్లులేని చేప, అరకిలో బంగాళాదుంపలు, రెండు క్యారెట్లు, ఒక ఉల్లిగడ్డ, కొన్ని ఉల్లికాడలు చాలును. అచ్చట కాడ్ చేప వాడుదురు. ఇచ్చట పండుగప్ప తగినది. కలకత్తాలో దానినే భేట్కీ యందురు. మొప్పలు తీసిన తలను, ముండ్లను లీటరు నీటిలో ఇరువది నిమిషములు సన్నసెగపై కాచి వడకట్టవలయును.

వెన్నలో ఉల్లిని ఎఱ్ఱబడనీయక మగ్గించి, క్యారెట్లు, దుంపముక్కలు, బిరియానీ ఆకు, మిరియములు వేసి, ఆ కషాయము పోయవలయును. దుంప మెత్తబడిన పిదప నాలుగు ముక్కలు చిదిమినచో రసము చిక్కబడును. సెగ తగ్గించి, తెర్లుట ఆగిన తరువాతనే చేపముక్కలు వేసి, మూతపెట్టి ఆరేడు నిమిషము లుంచవలయును. దించిన పిమ్మట చెంచాడు ఆవముద్ద, అరగ్లాసు మీగడ, తరిగిన సోయకూర కలుపవలయును. పొయ్యిమీదనే మీగడ పోసినచో విరిగిపోవచ్చును.

మేకమాంసమును గట్టి పొరలు బిగించి యుంచును గనుక చాలసేపు ఉడుకవలయును. చేపలో అట్టి బంధము స్వల్పము; కొద్ది వేడికే కరగును. అందుచే తెర్లించినచో ముక్క పొరలు పొరలుగా విడిపోవును. పులుసులో గరిటె పెట్టక, గిన్నెను రెండు చేతులతో పట్టి త్రిప్పు మన యమ్మల అలవాటునకు కారణ మిదియే. జర్మను కుండకును అదే మర్యాద.

భేద మొక్కటి. చింతపండు పులుసు మరునాటికి రుచి హెచ్చును. మీగడ కలిసిన యీ వంటకమును ఆ పూటనే వేడిగా తినవలయును. కుండ చుట్టును ఇంటివారందరును ఒక్కమారు కూర్చుండుటకు అంతకంటె మంచి కారణ మేమి కావలయును?